వదిలాను, తిప్పుతున్నాను

"ప్రమాదము జరిగినది" అని రాశారు. తెల్ల కాగితం మీద టైపు కొట్టి, కింద గుండ్రటి ముద్ర వేసి మరీ రాశారు. తనంతట తను జరిగిపోవడానికి అదేమన్నా వానా? మణికట్టు నుంచి వేళ్ళ కొసల దాకా మనిషి చెయ్యి కాలిపోతే, దానికి "జరిగినది" అట. ఆ మాట చదివి పదకొండేళ్ళయింది. నా కోపం ఇంతవరకు ఒక్క మెట్టు దిగలేదు.

ఆ చెయ్యి మడతలక్కది. ఆమె గురించే ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే. ఆ తర్వాత వాక్యం రాయడం నేర్పింది మడతలక్క. కాబట్టి ఇందులో మంచి ఉంటే ఆమెది, తప్పులుంటే నావి. తిట్లు మాత్రం పూర్తిగా నా సొంతం.

మేమిద్దరం పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేసేవాళ్ళం. లాండ్రీ అంటే ఆసుపత్రి వెనకాల బాయిలరు గదిని ఆనుకుని ఉన్న పొడుగాటి రేకుల షెడ్డు. వార్డుల నుంచి మురికి దుప్పట్లు ఒక తలుపు గుండా బండ్లలో వచ్చేవి, ఇంకో తలుపు గుండా మడతలుపడి తిరిగి వెళ్ళేవి. నడుమ మేం పద్నాలుగు మంది ఆడవాళ్ళం, ఆవిరి, సోడా వాసన. పైన రోగి తెల్లటి పక్క మీద ఒళ్ళు వాలుస్తాడు. ఆ తెలుపు ఎక్కణ్ణించి వచ్చిందని ఏ రోగీ అడగడు, ఏ డాక్టరూ అడగడు. అడగాలని మాకూ లేదు. కానీ మేం మనుషులమన్న సంగతి మరిచిపోతే మాత్రం ఊరుకునేదాన్ని కాదు. అందుకే నన్ను సైరను అనేవాళ్ళు.

మడతలక్క నాకంటే ఆరేళ్ళు చిన్నది. అయినా షెడ్డు మొత్తానికి అక్క. అందరూ అంటుంటే నా నోటికీ అదే అలవాటైంది. తను నన్ను వదినా అనేది. ఏ వరసన వదిననో నాకు తెలియదు, ఆమెకి అన్నే లేడు. పొట్టిగా, సన్నగా, గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉండేది. దుప్పటి పట్టుకుని ఒక్క విదిలింపు విదిలిస్తే నాలుగు మూలలూ పరుగెత్తుకొచ్చి ఒకచోట కలిసేవి. ఆమె వేసిన మడత మీద స్కేలు పెట్టి చూసినా గీత తప్పేది కాదు.

వాళ్ళ నాన్న ఒక అచ్చాఫీసులో సీసపు అక్షరాలు కూర్చేవాడట. తల్లి చిన్నప్పుడే పోయింది. బడి వదలగానే ఈ పిల్ల అక్కడికి పోయి, వాడేసిన అక్షరాలు కడిగి, ఏ గడిలోది ఆ గడిలో సర్దేది. అచ్చులో అక్షరాలు తిరగబడి ఉంటాయి కదా, వాటినే గడగడా చదివేదట. వాక్యం పేర్చి ఆయన అడిగేవాడట: "ఇందులో మనిషెక్కడున్నాడో చూపించు." ఈమె వేలు పెట్టి చూపించేది. ఆయన ఊపిరితిత్తులు పాడై చనిపోయాక, అచ్చాఫీసూ మూతపడ్డాక, పంతొమ్మిదో ఏట మా షెడ్డుకొచ్చింది. పెళ్ళి మాటెత్తితే, "అడిగినవాడికి నిలకడ లేదు, నిలకడున్నవాడు అడగలేదు" అనేది. అంతటితో ఆ సంగతి మూసేసేది.

మా షెడ్డు గోడకి ఆఫీసు వాళ్ళు కాగితాలు అంటించేవాళ్ళు. ఆలస్యముగా వచ్చుట సహించబడదు. సబ్బు వృథా చేయబడుచున్నట్లు గమనించబడినది. అక్క వాటి ముందు నిలబడి నవ్వేది. అది సంతోషంతో నవ్వే నవ్వు కాదు.

"ఏముందే అందులో, అంత నవ్వుతున్నావు?" అని ఒకసారి అడిగాను.

"మనిషి లేడు వదినా. ఎవరు సహించరు? ఎవరు గమనించారు? కాగితం నిండా మాటలే, ఒక్క మనిషీ లేడు. దయ్యాలు నడుపుతున్నట్టున్నాయి ఈ ఆసుపత్రిని."

"అయితే మాకూ చెప్పు ఆ మర్మం" అన్నారు మిగతావాళ్ళు. అలా మొదలైంది మధ్యాహ్నం బడి. అన్నాలు తిన్నాక మిగిలే అరగంటలో, వెనక బట్టలారేసే చోట. యాభై దాటాక నాకు వాక్యాలేంటని నేను పోలేదు. నాలుగు రోజులు షెడ్డులో ఒక్కదాన్నే కూర్చుని, వాళ్ళ నవ్వులు విని ఒళ్ళు మండి, అయిదో రోజున వెళ్ళాను.

ఆ రోజు తీగ మీద ఒక డాక్టరు కోటు, ఒక దిండు గలీబు, చివర స్తంభం దగ్గర ఒక తడి దుప్పటి వేలాడుతున్నాయి.

"ఈ కోటు మన సూపర్‌వైజరు అనుకోండి" అంది అక్క.

"అబ్బో, నిలబెట్టి డాక్టర్ని చేసేశావే" అంది ఒకతె.

"ఈ గలీబు మా వదిన."

"దిండు గలీబునా నేను? పోనీ, చిరుగుల్లేనిది పెట్టు" అన్నాను.

"ఈ తడి దుప్పటి పనిమాట, తిట్టడం. ఇదిగో ఈ ఎర్ర క్లిప్పు 'ని'. దీన్ని గలీబుకి పెడుతున్నా. చదువు వదినా."

"సూపర్‌వైజరు వదినని తిట్టాడు" అని చదివాను.

"రోజూ ఉండేదే" అన్నారు వెనకనుంచి.

అక్క ఎర్ర క్లిప్పు తీసి కోటుకి పెట్టింది. "ఇప్పుడు?"

"సూపర్‌వైజరుని వదిన..." నేను ఒక్క క్షణం ఆగాను. "తిట్టింది!"

ఆ నవ్వులకి బాయిలరు గదిలోవాళ్ళు బయటికొచ్చి చూశారు.

"బట్టలు కదిలాయా? లేదు. క్లిప్పు ఒక్కటే కదిలింది. ఎవరు చేశారో, ఎవరికి తగిలిందో ఆ క్లిప్పే చెబుతుంది. 'ని', 'కి', 'తో', అన్నీ క్లిప్పులే. క్లిప్పు గట్టిగా ఉంటే కోటుని ఇటు జరుపుకో, గలీబుని అటు జరుపుకో, ఫరవాలేదు. అది ఊడితేనే బట్టలు బురదలో పడేది."

"మరి దుప్పటో?"

"అది ఉండేది ఆఖర్నే. బరువంతా దాని మీదే. అది వచ్చేదాకా తిట్టాడో, మొక్కాడో తెలీదు. అందుకే ఎదుటిమనిషి మాట చివరిదాకా వినాలి."

"ఆ ముక్క మా ఆయనకి చెప్పక్కా, నేను 'అన్నం' అనగానే లేచి పోతాడు" అంది బండి తోసే ఆమె.

ఇంకోరోజు "ఉతికి, పిండి, ఆరేసి..." అని ఆగిపోయింది. మేం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం.

"ఏమైందే, ఊపిరందటం లేదా?" అన్నాను.

"ఇంకా ఏదో రావాలనిపిస్తోంది కదూ? ఉతికి, పిండి, ఆరేసి, ఇవన్నీ సగం మడతలు. సగం మడతలు నాలుగేసి బల్ల మీద వదిలేస్తే వార్డుకి పంపుతారా? చివర ఒకటి నిండుగా వెయ్యాలి."

"మడిచాను!" అని అందరం ఒక్క గొంతుతో అరిచాం.

"ఆ. చివర 'ను' ఉంది చూశారా, అందులో మీరున్నారు. 'నేను' అని వేరే చెప్పక్కర్లేదు. మడిచాను అంటే నేను, మడిచావు అంటే నువ్వు, మడిచాడు అంటే అతను, మడిచింది అంటే ఆమె."

"మిషను మడిస్తే?" అని అడిగాను.

"అదీ మడిచిందే."

అప్పుడొచ్చింది నాకు మంట. "అంటే మగాడికైతే 'డు' అని విడిగా ఒక కుర్చీ వేశారు, ఆడదాన్నీ మిషన్నీ మాత్రం ఒకే బల్ల మీద కూర్చోబెట్టారన్నమాట. ఆ ఏర్పాటు చేసినవాడెవడో నా చేతికి చిక్కాలి!"

"చిక్కితే చెప్పు వదినా, నాకో దెబ్బ మిగల్చు" అంది అక్క.

అలా రెండేళ్ళు నేర్చుకున్నాం. సెలవు చీటీలు మా అంతట మేమే రాసుకున్నాం. "సెలవు కోరబడుచున్నది" అని కాక, "నాకు రేపు సెలవు కావాలి, మా అమ్మ కంటికి ఆపరేషను" అని రాశాం. గుమాస్తా ముక్కు చిట్లించేవాడు, కానీ సెలవు ఇచ్చేవాడు. ఇవ్వకపోతే ఎవరు ఇవ్వలేదో అడుగుతామని అతనికి తెలిసిపోయింది.

ఇక ఆ మిషను సంగతి. పెద్ద రోలరు ఇస్త్రీ మిషను. నాలుగు మూరల ఇనప రోలరు, లోపల ఆవిరి. ఒకవైపు నిలబడ్డ మనిషి తడి దుప్పటి అంచుని సరిచేసి రోలరు కింద పెట్టాలి. రెండోవైపు మనిషి మీట నొక్కితే రోలరు తిరుగుతుంది, దుప్పటి ఆరి అవతల బయటికొస్తుంది. మీట నొక్కే మనిషికి అవతలి మనిషి కనిపించదు, అడ్డంగా రేకు మూత. అందుకని ఆ మిషను వచ్చిన రోజు నుంచీ ఒక పద్ధతి ఉంది. పెట్టిన మనిషి చేతులు వెనక్కి తీసుకుని "వదిలాను!" అని కేక వెయ్యాలి. ఇవతలి మనిషి "తిప్పుతున్నాను!" అని కేక వేసి అప్పుడు నొక్కాలి. ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు. మాకంటే ముందున్న ఆడవాళ్ళు మాకు నేర్పారు, మేం మా తర్వాతి వాళ్ళకి నేర్పాం. ఇరవై ఆరేళ్ళలో ఒక్క గోరు కూడా చిట్లలేదు. మడతలక్క పెట్టేది, నేను నొక్కేదాన్ని.

ఆ యేడు కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. రోజూ తన చొక్కా మా చేత ఇస్త్రీ చేయించుకుని తనకంటే ముందు అదే లోపలికి నడిచొచ్చేలా తిరిగేవాడు. ఇస్త్రీ చొక్కా అని పేరు పెట్టాం. షెడ్డు గోడకి అవతల పెద్దల కోసం ఏసీ గది కట్టారు. అది తెరిచిన వారానికి ఇస్త్రీ చొక్కా మిషను దగ్గరికొచ్చాడు.

"ఏంటమ్మా ఈ కేకలు? ఇది ఆసుపత్రా, సంతా? గోడకవతల పెద్దవాళ్ళు కూర్చుంటున్నారు. ఇవాళ్టి నుంచి అరుపులు బంద్."

"మరి అవతలి మనిషి చెయ్యి తీసిందో లేదో ఎట్లా తెలుస్తుంది సార్?" అన్నాను.

"పది లెక్కపెట్టి నొక్కండి. మనసులో."

"ఆ మాట కాగితం మీద రాసివ్వండి సార్" అంది మడతలక్క.

"రాసేంత విషయమా ఇది?" అని వెళ్ళిపోయాడు. గోడ నిండా కాగితాలు అంటించే ఆఫీసుకి ఆ ఒక్కటీ రాసే విషయంలా కనిపించలేదు.

సైరను నోరు మూసింది. మూసేసుకున్నందుకు నన్ను నేనే తిట్టుకుంటాను ఇప్పటికీ. రిటైరవడానికి మూడేళ్ళుంది, గొడవెందుకనుకున్నాను. అంతే. ఇందులో మర్మమేమీ లేదు, భయమే.

పన్నెండో రోజున రెండు వార్డుల పక్కలు ఒకేసారి వచ్చి పడ్డాయి. గుట్ట మీద గుట్ట. మధ్యాహ్నం అయ్యేసరికి నా నడుం విరిగిపోతోంది. లెక్కపెట్టాను, మీట నొక్కాను. అవతలనుంచి కేక వచ్చింది. "వదిలాను" అన్న కేక కాదు. దుప్పటి అంచున నాడా ఒకటి మెలికపడితే దాన్ని సరిచేస్తోంది అక్క. మీట వెనక్కి లాగేసరికే కుడిచెయ్యి మణికట్టు దాకా రోలరు కిందికి పోయింది.

ఆ తర్వాతిది రాయను. రాయడం చేతకాక కాదు.

నాలుగో రోజున ఇస్త్రీ చొక్కా వార్డుకొచ్చాడు, టైపు చేసిన కాగితం, సిరా డబ్బా పట్టుకుని. అక్క మేం ఉతికిన దుప్పటి మీదే పడుకుని ఉంది, చెయ్యి దూదిమూటలా కట్టేసి. నేను పక్కన ఉన్నాను.

"చిన్న ఫార్మాలిటీ అమ్మా. ఎడం బొటనవేలి ముద్ర వెయ్యి, చాలు."

"చదివి వినిపించండి" అంది అక్క.

అతను గొంతు సవరించుకుని చదివాడు: "ఇస్త్రీ యంత్రము నడుపబడుచుండగా, సదరు కార్మికురాలి అజాగ్రత్త వలన ప్రమాదము జరిగినది. జాగ్రత్తలు ముందుగానే తెలియజేయబడినవి."

"ఇందులో ఒక్క మనిషే ఉంది సార్" అంది అక్క. గొంతు సన్నగా ఉంది, పదును మాత్రం తగ్గలేదు. "సదరు కార్మికురాలు. యంత్రం దానంతటదే నడిచింది. జాగ్రత్తలు వాటంతటవే తెలిశాయి. తప్పు చెయ్యడానికి మాత్రం నేనొక్కదాన్నే కనిపించానా?"

"ఇంగ్లీషులో ఉంటే ఇంత గోల ఉండేది కాదు" అని గొణిగాడు.

"వేలిముద్ర నా సంతకం కాదు. నాకు రాయడం వచ్చు. చెయ్యి మానాక రాసిస్తాను."

"విచారణ సోమవారం. నీ తరఫు కాగితం లేకపోతే ఇదే ఖాయం. సొంత అజాగ్రత్త అని తేలితే ఉద్యోగం ఉండదు, ముందే చెప్తున్నా." అలా అని చొక్కా మడత నలగకుండా వెళ్ళిపోయాడు. ఒంటరి మనిషి, కాలిన చెయ్యి, ఆ ఉద్యోగం పోతే ఆమెకి ఇంకో తలుపు లేదు.

"వదినా" అంది అక్క. "నువ్వు రాయి."

"నేనా? నా రాత కోడి గీకినట్టుంటుంది."

"కోడి గీకినా ఫరవాలేదు. మనిషి ఉండాలి."

ఆ శనివారం మా ఇంట్లో, బియ్యం డబ్బా మీద కాగితం పెట్టుకుని రాశాను. ఇస్త్రీ చొక్కాని మూడు వరసల్లో కడిగేశాను. అతను కేకలు ఆపించాడు. అతను లెక్కపెట్టమన్నాడు. అతను రాసివ్వమంటే రాసివ్వలేదు. క్లిప్పులన్నీ బిగించాను. చాలా బాగా వచ్చిందనిపించింది. ఆదివారం పొద్దున పట్టుకెళ్ళి అక్కకి చదివి వినిపించాను.

కళ్ళు మూసుకుని విన్నది. చివర్లో నేను ఇలా రాశాను: "అప్పుడు మిషను తిరిగింది. అక్క చెయ్యి పడింది."

కళ్ళు తెరిచింది. "తిరిగిందా?"

"తిరిగింది కదే."

"తనంతట తనే తిరిగిందా వదినా?"

నా ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చింది. "అంటే? నన్నంటున్నావా? నాలుగు రోజుల్నుంచి నీ పక్కన కూర్చుని నోట్లో ముద్ద పెడుతున్నాను, నన్నే వేలెత్తి చూపిస్తున్నావా?"

"వేలెక్కడుంది వదినా నాకు" అంది.

కాగితం ఆమె మంచం మీద విసిరేసి వచ్చేశాను. దారంతా తిట్టాను. ఇంటికొచ్చి గిన్నెలన్నీ మళ్ళీ తోమాను, తోమినవే తోమాను. నేనేం చేశాను, చెప్పినట్టే కదా చేశాను. పది లెక్కపెట్టమన్నాడు, లెక్కపెట్టాను. అనుకుంటూ అనుకుంటూ చేతిలో చెంచాలు లెక్కపెడుతున్నాను, ఒకటి, రెండు, మూడు. ఎనిమిది దగ్గర ఆగిపోయాను.

ఎనిమిది.

గుట్టలు పెరిగిపోతున్నాయని, నడుం నొప్పెడుతోందని, ఆ రోజుకి మూడు రోజుల ముందునుంచీ నేను ఎనిమిదికే నొక్కుతున్నాను. ఆ సంగతి నాకు తెలుసు. అక్క కేక వెయ్యగానే తెలుసు. అయిదు రోజులుగా దాని మీద దుప్పటి కప్పి, పైన కూర్చుని, ఇస్త్రీ చొక్కాని తిడుతున్నాను. "జరిగినది" అన్న వాడికీ "తిరిగింది" అన్న నాకూ తేడా ఏముంది? అతనికి టైపు మిషను ఉంది, నాకు లేదు. అంతే.

సాయంత్రం ఆసుపత్రికి పోయాను. కాగితం నేను విసిరినచోటే ఉంది. అక్క దాన్ని కదిలించలేదు. మంచం అంచున కూర్చుని, చివరి రెండు వాక్యాలు కొట్టేసి, వాటి కింద రాశాను: "నేను ఎనిమిదే లెక్కపెట్టాను. నేను మీట నొక్కాను. నేను నొక్కిన మీట వల్ల అక్క చెయ్యి కాలింది."

గట్టిగా చదివాను. అక్క గోడవైపు తిరిగి పడుకుంది. నేను చాలాసేపు ఆ వీపు చూస్తూ కూర్చున్నాను.

సోమవారం విచారణకి బయటినుంచి ఒకావిడ వచ్చింది. కళ్ళద్దాలు, పొడుగు చేతుల జాకెట్టు, నవ్వని మొహం. బల్లకి ఒకవైపు ఇస్త్రీ చొక్కా, గుమాస్తా. ఇంకోవైపు నేను. నా కాగితం నేనే చదివాను. ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి ఇస్త్రీ చొక్కా కుర్చీలోంచి సగం లేచాడు.

"చూశారా మేడమ్! తనే ఒప్పుకుంటోంది. పది అన్నాను, ఎనిమిదికి నొక్కింది. ఇక నేనేం చెయ్యను?"

"పది లెక్కపెట్టమని మీరన్నారా?" అని అడిగింది ఆవిడ.

అతను గబుక్కున మళ్ళీ కూర్చున్నాడు. అప్పటిదాకా ఆ గదిలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు కదా, అన్నీ తెలియజేయబడ్డాయి కదా!

"అంటే... సాధారణంగా సూచించబడింది..." అన్నాడు.

"పదైనా ఎనిమిదైనా ఒకటే అమ్మా" అన్నాను. "తొందరపడ్డాను, అది నా తప్పు, దానికి ఏ శిక్షైనా వెయ్యండి. కానీ వంద లెక్కపెట్టినా అవతల చెయ్యి ఉందో లేదో అంకె చెప్పదు. మనిషి చెప్పాలి. మా నోరు నొక్కేసి మీట నొక్కమన్నాడు. నమ్మకపోతే షెడ్డుకొచ్చి చూడండి."

వస్తుందనుకోలేదు. వచ్చింది. మిషను దగ్గర అవతలివైపు బండి తోసే ఆమె దుప్పటి పెడుతోంది. ఆవిడని తీసుకెళ్ళి నా చోట, మీట ముందు నిలబెట్టాను.

"ఆమె పెట్టేసిందా?" అని అడిగాను.

ఆవిడ రేకు మూత మీదుగా మునివేళ్ళ మీద లేచి చూసింది. పక్కకి వంగి చూసింది. "కనిపించట్లేదు."

"మాకూ కనిపించదు. పది లెక్కపెట్టుకుని నొక్కండి."

ఆవిడ మీట మీద చెయ్యి వేసింది. పెదవులు కదిలాయి. పది అయింది. పన్నెండూ అయి ఉంటుంది. షెడ్డులో ఆవిరి బుస తప్ప ఇంకే చప్పుడూ లేదు. మేమంతా ఆ చెయ్యినే చూస్తున్నాం. ఆవిడ నొక్కలేదు. చెయ్యి మెల్లగా మీట మీదనుంచి తీసేసి, కొంగుతో తుడుచుకుంది.

అప్పుడు రేకు మూత అవతలనుంచి, ఇన్నాళ్ళూ మూసుకున్న నోరు తెరిచి, బండి తోసే ఆమె అరిచింది: "వదిలాను!"

గోడకవతల పెద్దలు ఉలిక్కిపడే ఉంటారు. పడనీ.

అక్క ఉద్యోగం నిలిచింది. అజాగ్రత్త అన్న మాట కొట్టేశారు. కుడిచేతి మూడు వేళ్ళు ఇక ముడుచుకోవు కాబట్టి చిరుగులు కుట్టే గదికి మార్చారు. ఇస్త్రీ చొక్కాకి ఏ శిక్షా లేదు. "బదిలీ చేయడమైనది" అని గోడ మీద కాగితం వచ్చింది. ఇంకెక్కడో, ఇంకెవరి చేతో చొక్కా ఇస్త్రీ చేయించుకుంటూనే ఉంటాడు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

నాకూ ఒక కాగితం వచ్చింది: "సదరు కార్మికురాలు మందలించబడినది." దాన్ని పట్టుకుని ఆఫీసుకి పోయాను.

"ఎవరు మందలించారు నన్ను?" అని గుమాస్తాని అడిగాను.

"ఆఫీసు, పెద్దమ్మా."

"ఆఫీసుకి నోరుందా నాయనా? తప్పు చేశాను, తిట్లు పడతాను. మనిషి చేత పడతాను, గోడల చేత పడను. తిట్టేవాళ్ళెవరో వచ్చి ఎదురుగా నిలబడి తిట్టమను."

"ఇలా అయితే కుదరదు పెద్దమ్మా..."

"కుదిరేదాకా కూర్చుంటాను." బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక మేనేజరు గదిలోంచి వచ్చాడు, నా కొడుకు వయసుంటుంది. నా ముందు నిలబడి, బూట్లు చూసుకుంటూ, "ఇంకెప్పుడూ తొందరపడి నొక్కకండమ్మా" అన్నాడు.

"నొక్కను. తిట్టడం సరిగ్గా రాలేదుగాని సర్లెండి. ఇప్పుడు ఇందులో 'మందలించబడినది' కొట్టేసి, 'నేను మందలించాను' అని రాసి సంతకం పెట్టండి."

నన్ను చూశాడు, గుమాస్తాని చూశాడు, రాశాడు. ఆ కాగితం నా పెట్టెలో ఇప్పటికీ ఉంది.

దాన్ని చూపించడానికి కుట్టు గదికి వెళ్ళాను. అక్క కిటికీ దగ్గర, ఒళ్ళో చిరిగిన దుప్పటితో కూర్చుని ఉంది. కాగితం చదివి నవ్వింది. షెడ్డులోంచి ఆ కేకలు వినిపిస్తున్నాయి, ఒకటి తర్వాత ఒకటి. నేను చాలా రోజులుగా అడగాలనుకున్నది అడిగేశాను.

"నా మీద కోపం ఉందా?"

"ఉంది వదినా" అంది, ఆలోచించుకోకుండా. "నువ్వు రాయకపోతే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆ మిషను మీద పెట్టుకుని తిరిగేదాన్ని. ఇప్పుడు నీ మీదే ఉంది."

"ఎన్నాళ్ళుంటుంది?"

"చూద్దాం."

ఎడంచేత్తో సూదీ దారం నాకిచ్చి, "ఎక్కించు" అంది.

ఎక్కించాను.